జాకీ రాబిన్సన్‌కు 63 ఏళ్ల ముందు ఒక క్యాచర్

2024 మే నెలాఖరులో అమెరికా బేస్‌బాల్ రికార్డుల పట్టిక తలకిందులైంది. కెరీర్ బ్యాటింగ్ సగటులో తరాలుగా మొదటి స్థానంలో ఉన్న టై కాబ్ రెండో స్థానానికి దిగిపోయాడు. పైన చేరిన పేరు జోష్ గిబ్సన్. సగటు .372, అంటే వెయ్యిసార్లు బ్యాట్ పట్టుకుంటే 372 హిట్లు. గిబ్సన్ చనిపోయి అప్పటికి 77 ఏళ్లు. బతికుండగా ఏ మేజర్ లీగ్ (అక్కడి బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయి) జట్టూ అతన్ని తీసుకోలేదు. నల్లవాడు కాబట్టి నీగ్రో లీగ్స్‌లోనే ఆడాడు. ఆ లీగ్‌ల లెక్కలు మేజర్ లీగ్ లెక్కలతో సమానమని బేస్‌బాల్ పెద్దలు ఒప్పుకున్నది 2020 డిసెంబరులో. వాటిని పట్టికలో కలపడానికి ఇంకో మూడున్నరేళ్లు పట్టింది.

ఈ వార్త వచ్చినప్పుడు చాలామంది చెప్పిన కథ ఒకటే. మొదటినుంచీ తెల్లవాళ్ల ఆట తెల్లవాళ్లది, నల్లవాళ్ల ఆట నల్లవాళ్లది. 1947లో జాకీ రాబిన్సన్ అనే నల్ల ఆటగాడు మేజర్ లీగ్‌లోకి వచ్చి ఆ గోడ బద్దలుకొట్టాడు. రెండో సగం నిజమే. మొదటి సగమే తప్పు. గోడ మొదటినుంచీ లేదు. దాన్ని కట్టారు. ఎవరు, ఏ ఊళ్లో, ఏ తేదీన ఇటుక పెట్టారో కూడా చాలావరకు తెలుసు. కడుతున్నంతకాలం దానికి ఎదురుగా నిలబడ్డ ఆటగాళ్లలో ఒకడు గిబ్సన్ లాగే క్యాచర్. పేరు మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్.

వాకర్ 1856 అక్టోబరు 7న ఒహాయో రాష్ట్రంలోని మౌంట్ ప్లెజెంట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. కుటుంబం తర్వాత అదే రాష్ట్రంలోని స్టూబెన్‌విల్‌కు మారింది. తండ్రి డాక్టరు, ఆ తర్వాత చర్చిలో పాస్టరు. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం చట్టం నుంచి పోయిన తర్వాత, నల్లవాళ్లలో అప్పుడప్పుడే తలెత్తుతున్న చదువుకున్న కుటుంబాల్లో వాళ్లదొకటి. వాకర్ 1878లో ఓబర్లిన్ కాలేజీలో చేరాడు. నల్లవాళ్లనూ ఆడవాళ్లనూ మిగతావాళ్లతో కలిపి చదివించిన తొలి అమెరికన్ కాలేజీల్లో అది ఒకటి. 1881లో కాలేజీ జట్టు కట్టినప్పుడు క్యాచర్‌గా నిలబడ్డాడు, తమ్ముడు వెల్డీ కూడా అదే జట్టు. తర్వాత మిషిగన్ యూనివర్సిటీలో లా చదవడానికి వెళ్లాడు, అక్కడా ఆడాడు. రెండుచోట్లా డిగ్రీ పూర్తికాలేదు. అప్పటికే ఆట డబ్బులిస్తోంది.

మన పాఠకులకు క్యాచర్ గురించి ఒక్క మాట చెప్పాలి. బ్యాటర్ వెనక ఉంటాడు కాబట్టి వికెట్ కీపర్‌తో పోల్చుకోవచ్చు, కానీ పని ఇంకా ఎక్కువ. పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) ఏ బంతి వేయాలో వేళ్లతో సైగ చేసి చెప్పేది క్యాచరే. పిచర్ ఆ సైగకు కట్టుబడితేనే వెనక ఉన్నవాడికి బంతి ఎటు తిరుగుతుందో ముందే తెలుస్తుంది. 1880ల్లో ఆ పని ఎలా ఉండేదో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. పిచర్ 50 అడుగుల దూరం నుంచి వేసేవాడు (ఇప్పుడు 60 అడుగుల 6 అంగుళాలు). ముఖానికి ఇనుప తీగల మాస్క్ వచ్చి కొన్నేళ్లే అయింది. ఛాతీకి కట్టుకునే ప్యాడ్ అప్పుడప్పుడే కనబడుతోంది. ఇప్పటి లావాటి క్యాచర్ గ్లోవ్ అసలు లేదు. వాకర్ ఎక్కువగా ఉత్త చేతుల్తోనే పట్టేవాడు. మరీ నొప్పిగా ఉన్నరోజు మామూలు గొర్రెతోలు చేతితొడుగుల వేళ్లు కత్తిరించి, అరచేతి దగ్గర కాస్త మెత్త పెట్టించుకుని తొడుక్కునేవాడట. వేళ్లు విరగడం, గోళ్లు ఊడటం ఆ ఉద్యోగంలో భాగం. అందుకే ఏ క్యాచరూ రోజూ ఆడేవాడు కాదు.

1881 ఆగస్టులో క్లీవ్‌లాండ్‌కు చెందిన ఒక కుట్టుమిషన్ల కంపెనీ జట్టు తరఫున వాకర్ కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌కు వెళ్లాడు. పొద్దున హోటల్లో టిఫిన్ పెట్టలేదు. మైదానంలో అవతలి జట్టు వాకర్ ఆడితే తాము ఆడమంది. క్లీవ్‌లాండ్ వాళ్లు తగ్గి ఇంకొకర్ని క్యాచర్‌గా పెట్టారు. ఒక్క ఇన్నింగ్స్ అయ్యేసరికి ఆయన చేతులు వాచిపోయి ఇక నావల్ల కాదన్నాడు. అప్పుడు జరిగింది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం: గ్యాలరీలో ఉన్న తెల్ల ప్రేక్షకులే వాకర్‌ను దించమని కేకలు వేశారు. వాకర్ వచ్చి వార్మప్‌గా నాలుగు బంతులు విసిరితే చప్పట్లు కొట్టారు. లూయీవిల్ ఆటగాళ్లలో ఇద్దరు మైదానం వదిలి లోపలికి వెళ్లిపోయారు. చివరికి వాకర్ బయటే కూర్చోవాల్సి వచ్చింది, మూడో బేస్ దగ్గర ఆడేవాడు క్యాచర్ పని చేశాడు. జనం చూడ్డానికి సిద్ధంగానే ఉన్నారు. ఒప్పుకోనిది అవతలి ఆటగాళ్లు. ఈ తేడా ముందుముందు మళ్లీ మళ్లీ కనబడుతుంది.

1883లో వాకర్ ఒహాయోలోని టొలీడో జట్టులో చేరాడు. నార్త్‌వెస్టర్న్ లీగ్‌లో అది ఒక జట్టు. సీజన్ మొదలుకాకముందే పియోరియా క్లబ్ ప్రతినిధి నల్లవాళ్లను లీగ్‌లోకి రానివ్వకూడదని తీర్మానం పెట్టాడు. వాదోపవాదాలయ్యాక అది వీగిపోయింది. అదే ఏడాది ఆగస్టు 10న షికాగో వైట్ స్టాకింగ్స్ ఎగ్జిబిషన్ మ్యాచ్‌కు టొలీడో వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ క్యాప్ ఆన్సన్, ఆ రోజుల్లో ఆటలో అతిపెద్ద స్టార్. వాకర్ ఉంటే తమవాళ్లు మైదానంలోకి దిగరని ఆన్సన్ తెగేసి చెప్పాడు.

అసలు తమాషా ఏంటంటే, చేతులు దెబ్బతిని ఉండటంతో వాకర్ ఆ రోజు ఆడాల్సిందే లేదు. టొలీడో మేనేజర్ చార్లీ మోర్టన్‌కు ఒళ్లు మండింది. విశ్రాంతి తీసుకోవాల్సిన వాకర్‌ను కావాలనే అవుట్‌ఫీల్డ్‌లో దించాడు. ఆడకపోతే టికెట్ డబ్బుల్లో మీ వాటా పోతుందని ఆన్సన్‌కు చెప్పాడు. ఆన్సన్ నోటికొచ్చినట్లు తిట్టుకుంటూనే ఆడాడు. మ్యాచ్ పది ఇన్నింగ్స్‌ల దాకా సాగి షికాగో 7-6తో గెలిచింది.

నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రకు తాళంచెవి ఆ మధ్యాహ్నమే. ఆన్సన్ ఆ వివక్షను కనిపెట్టలేదు, ఒంటిచేత్తో అమలు చేయనూ లేదు. 1867లోనే అమెచ్యూర్ క్లబ్‌ల సంఘం నల్ల ఆటగాళ్లున్న క్లబ్‌లను చేర్చుకోబోమని తీర్మానించింది. ఆన్సన్ చేతిలో ఉన్నది బెదిరింపు ఒక్కటే. ఎదురుగా ఉన్నవాడు సరే చూద్దాం అంటే ఆ బెదిరింపు తుస్సుమంది. షికాగో క్లబ్ దీన్ని బాగానే అర్థం చేసుకుంది. మరుసటి ఏడాది మళ్లీ టొలీడో రావాల్సి వచ్చినప్పుడు, వాకర్‌ను ఆడించకూడదని ముందే ఉత్తరం రాసి షరతు పెట్టింది. వాకర్ ఆ మ్యాచ్ ఆడలేదు.

1884లో టొలీడో అమెరికన్ అసోసియేషన్‌లో చేరింది. అప్పటి రెండు ప్రధాన మేజర్ లీగ్‌లలో అదొకటి. అలా మే 1న వాకర్ మేజర్ లీగ్ ఆటగాడయ్యాడు. తొలి మ్యాచ్ ఎక్కడో ఊహించండి: లూయీవిల్‌లోనే. జనం ఈలలు వేసి గేలి చేశారు. వాకర్ నాలుగు తప్పులు చేశాడు, ఒక్క హిట్ కొట్టలేదు, జట్టు 5-1తో ఓడింది. జట్టులో ఎంతో నమ్మదగినవాడు ఆ ఊళ్లో అలా తడబడ్డాడంటే కారణం ఆట కాదని టొలీడో పత్రిక ఒకటి రాసింది.

అంతకంటే గట్టి పరీక్ష సొంత జట్టులోనే ఉంది. టొలీడో ప్రధాన పిచర్ టోనీ ములేన్ ఆ ఏడాది 36 మ్యాచ్‌లు గెలిచిన మొనగాడు. నల్లవాడి సైగకు కట్టుబడటం ఆయనకు నామోషీ. వాకర్ వంకర బంతి అడిగితే నేరు బంతి విసిరేవాడు. వంకర తిరుగుతుందని చేతులు ఒకవైపు పెట్టిన క్యాచర్‌కు, గ్లోవ్ లేకుండా, అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఒకరోజు అలాగే బంతి పట్టుకుని వాకర్ పిచర్ దగ్గరికి నడిచి వెళ్లాడు. సైగల్లేకుండా పట్టమంటే పడతాను, సైగ చేశాక మోసం చేస్తే మాత్రం పట్టను అన్నాడు. ఆ సీజన్‌లో మిగిలిన రోజులన్నీ ఏ బంతి వస్తుందో తెలియకుండానే పట్టాడు. ఇది వాకర్ చెప్పుకున్న గొప్ప కాదు. 35 ఏళ్ల తర్వాత ములేనే స్వయంగా ఒక పత్రికకు చెప్పాడు. తనకు దొరికిన క్యాచర్లలో వాకరే మేటి అని కూడా అదే నోటితో అన్నాడు, నల్లవాళ్లంటే తనకు గిట్టదని చెప్పిన వాక్యంలోనే. రికార్డుల్లో వాకర్ పేరు పక్కన ఉన్న తప్పుల అంకెలు చూసి తేలిక చేసేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆ అంకెల్లో ములేన్ వాటా ఎంతో ఎవరూ లెక్కకట్టలేరు.

జులైలో బ్యాట్‌కు తగిలి ఎగిరిన బంతి పక్కటెముక విరగ్గొట్టింది. సీజన్ చివర్లో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ నుంచి మేనేజర్ మోర్టన్‌కు ఉత్తరం వచ్చింది. వాకర్ యూనిఫాంలో మైదానంలోకి వస్తే 75 మంది కలిసి దాడి చేస్తామని ఒట్టు పెట్టుకున్నారని దాని సారాంశం. ఆ అవసరం రాలేదు, జట్టు రిచ్‌మండ్ చేరేలోపే గాయాల వాకర్‌ను విడుదల చేసేశారు. మొత్తం 42 మ్యాచ్‌లు, 152 సార్లు బ్యాటింగ్‌లో 40 హిట్లు, సగటు .263. క్యాచర్‌కు ఇది మంచి సగటు, లీగ్ సగటు కన్నా పైనే. తమ్ముడు వెల్డీ కూడా ఆ ఏడాది కొద్ది మ్యాచ్‌లు ఆడాడు. వీళ్లిద్దరి తర్వాత 1947 దాకా మేజర్ లీగ్‌లో నల్లవాడిగా బహిరంగంగా ఆడినవాళ్లు లేరు.

‘బహిరంగంగా’ అనడానికి కారణం ఉంది. 1879 జూన్ 21న ప్రావిడెన్స్ జట్టుకు విలియం ఎడ్వర్డ్ వైట్ అనే కాలేజీ కుర్రాడు ఒక్క మ్యాచ్ ఆడాడు. తల్లి జార్జియాలో బానిస, తండ్రి ఆమె యజమాని. వైట్ జీవితమంతా తెల్లవాడిగానే చలామణీ అయ్యాడు. ఈ సంగతి 2000ల్లోగానీ బయటపడలేదు. కాబట్టి మొట్టమొదటివాడు ఎవరన్న వాదన చరిత్రకారుల మధ్య ఉంది. నాకైతే అది పెద్ద పేచీగా అనిపించదు. వైట్‌ను ఎవరూ ఆపలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. వాకర్ ఎవరో ప్రతి ఊరికీ తెలుసు.

మేజర్ లీగ్ పోయినా వాకర్ కెరీర్ ఆగలేదు. క్లీవ్‌లాండ్, వాటర్‌బరీ దాటి 1887లో న్యూఆర్క్ జట్టుకు చేరాడు. మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కిందున్న ఇంటర్నేషనల్ లీగ్ అది. ఆ ఏడాది ఆ లీగ్‌ను చూస్తే గోడ ఇక లేనట్టే అనిపించేది. న్యూఆర్క్‌లో వాకర్ క్యాచర్, జార్జ్ స్టోవీ పిచర్. ఇద్దరూ నల్లవాళ్లే. స్టోవీ ఆ ఒక్క సీజన్‌లో 30కి పైగా మ్యాచ్‌లు గెలిచాడు. బఫెలోలో ఫ్రాంక్ గ్రాంట్, బింగ్‌హామ్‌టన్‌లో బడ్ ఫౌలర్, సిరక్యూస్‌లో రాబర్ట్ హిగిన్స్. అందరూ రాణిస్తున్నారు, జనం టికెట్లు కొంటున్నారు. అసలు గొడవ అక్కడే. రాణించే ప్రతి నల్ల ఆటగాడూ ఒక తెల్ల ఆటగాడి ఉద్యోగానికి పోటీ. సిరక్యూస్‌లో ఇద్దరు ఆటగాళ్లు హిగిన్స్ పక్కన గ్రూప్ ఫొటో దిగేది లేదన్నారు. బింగ్‌హామ్‌టన్‌లో ఫౌలర్‌ను తీసేసేదాకా ఆడమని సహచరులు పట్టుబట్టారు, క్లబ్ తీసేసింది.

1887 జులై 14 గురువారం రెండు సంఘటనలు ఒకేరోజు జరిగాయి. న్యూఆర్క్‌లో షికాగోతో ఎగ్జిబిషన్ మ్యాచ్. మళ్లీ ఆన్సన్, మళ్లీ అదే మాట. ఈసారి మోర్టన్ లాంటి మేనేజర్ లేడు. స్టోవీకి ఒంట్లో బాగోలేదని ప్రకటించి వేరేవాళ్లతో మ్యాచ్ కానిచ్చేశారు. వాకర్ కూడా ఆడలేదు. అదే రోజు బఫెలోలో ఇంటర్నేషనల్ లీగ్ యజమానులు సమావేశమై ఇకపై నల్ల ఆటగాళ్లతో కొత్త ఒప్పందాలు ఆమోదించకూడదని తీర్మానించారు. ఓట్లు 6-4. నల్ల ఆటగాళ్లున్న నాలుగు క్లబ్‌లు వ్యతిరేకించాయి, లేని ఆరు క్లబ్‌లు బలపరిచాయి. నల్లవాళ్ల వల్ల మంచి మంచి తెల్ల ఆటగాళ్లు లీగ్ వదిలి పోతామంటున్నారన్నది చెప్పిన కారణం. ఇంకో ఓటు ఇటు పడి ఉంటే లెక్క సమమయ్యేది.

గమనిస్తే, ఉన్నవాళ్లను వెళ్లగొట్టమని ఆ తీర్మానం చెప్పలేదు. కొత్తవాళ్లను తీసుకోవద్దంది, అంతే. పైనున్న మేజర్ లీగ్‌లు అదీ చేయలేదు. నల్లవాళ్లు ఆడరాదని ఎక్కడా కాగితం మీద పెట్టలేదు. ‘పెద్దమనుషుల ఒప్పందం’ అని దానికి పేరొచ్చింది. రాసి ఉంటే దాన్ని కోర్టులో పెట్టొచ్చు, కనీసం పేపర్లో ఏకిపారేయొచ్చు. రాయనిదాన్ని ఏంచేస్తాం? అడిగినప్పుడల్లా అలాంటి నిబంధనేమీ లేదనే జవాబు రెడీగా ఉండేది. అలా అరవై ఏళ్లు గడిపారు.

కాలం కూడా వాళ్లకు కలిసొచ్చింది. హోటళ్లలో, రైళ్లలో, నాటకశాలల్లో వివక్ష చూపకూడదన్న 1875 చట్టాన్ని సుప్రీంకోర్టు 1883లో కొట్టేసింది. 1896లో ‘వేరైనా సమానం’, అంటే నల్లవాళ్లను వేరుగా ఉంచినా చట్టవిరుద్ధం కాదన్న తీర్పు వచ్చింది. బేస్‌బాల్ ఈ గాలి వాటానే పోయింది. కాకపోతే సుప్రీంకోర్టు కంటే తొమ్మిదేళ్లు ముందే.

1888 మార్చిలో ఒహాయోలోని ట్రై-స్టేట్ లీగ్ కూడా నల్లవాళ్లకు తలుపు మూసిందని విని వెల్డీ వాకర్ ఆ లీగ్ అధ్యక్షుడికి బహిరంగ లేఖ రాశాడు. ఆ రోజుల్లో పేరున్న క్రీడా వారపత్రిక దాన్ని అచ్చువేసింది. కోపం ఉంది, గొంతు మాత్రం ఎక్కడా అదుపు తప్పలేదు. ఈ నిబంధన ఈ కాలానికే తలవంపులు అంటాడు. ఆటగాణ్ణి కాదనాలంటే తెలివి, నడవడిక, ఆట చూసి కాదనండి, చర్మం చూసి కాదు అంటాడు. లీగ్‌లోని క్లబ్‌లు మా డబ్బు మాత్రం వద్దనవు కదా అని గుర్తుచేస్తాడు. ఐదేళ్ల ముందు మోర్టన్ ఆన్సన్‌ను లొంగదీసింది ఆ టికెట్ డబ్బులతోనే.

ఫ్లీట్ వాకర్ 1888లో సిరక్యూస్‌కు మారి ఆ ఏడాది జట్టు ఛాంపియన్ కావడం చూశాడు. ఆ సెప్టెంబరులో షికాగో జట్టు వచ్చినప్పుడు ఆన్సన్ మళ్లీ అడ్డుపడ్డాడు, వాకర్ మళ్లీ బయట కూర్చున్నాడు. 1889 ఆగస్టులో క్లబ్ అతన్ని వదిలేసింది. ఆ లీగ్‌లో మళ్లీ నల్ల ఆటగాడు దిగింది 1946లో, మాంట్రియల్ జట్టు తరఫున. ఆయనే జాకీ రాబిన్సన్. రాబిన్సన్ మేజర్ లీగ్‌కు ఎక్కిన మెట్టు, వాకర్ కాలపు యజమానులు 6-4తో మూసిన ఆ లీగే.

ఆట తర్వాతి జీవితం ఇంకో పుస్తకానికి సరిపడా ఉంది. 1891 ఏప్రిల్‌లో సిరక్యూస్ వీధిలో కొందరు తెల్లవాళ్లతో గొడవై, మీదకొచ్చిన ఒకణ్ణి వాకర్ కత్తితో పొడిచాడు. అతను చనిపోయాడు. ఆత్మరక్షణ అన్న వాదన విని, అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ జూన్‌లో నిర్దోషి అని తేల్చింది. కోర్టులో జనం చప్పట్లు కొట్టారు. అదే ఏడాది ఫిరంగి గుండు ఒకదానికి పేటెంటు పొందాడు. రైల్వే తపాలాలో గుమాస్తాగా పనిచేస్తూ ఉత్తరాల్లో డబ్బు తీశాడన్న కేసులో 1898లో ఏడాది జైలు పడింది. బయటికొచ్చాక కాడిజ్ ఊళ్లో నాటకాలూ సినిమాలూ వేసే ఒపేరా హౌస్ నడిపాడు. సినిమా రీళ్లకు సంబంధించి 1920లో మరికొన్ని పేటెంట్లు తీసుకున్నాడు.

వీటన్నిటి మధ్యలో 1908లో ఒక చిన్న పుస్తకం వేశాడు. అమెరికాలో నల్లవాళ్లకు న్యాయం దొరకదు, ఆఫ్రికాకు వెళ్లిపోవడమే మార్గం అన్నది దాని వాదన. ఓబర్లిన్‌లో తెల్లవాళ్లతో కలిసి చదివి, వాళ్లతో ఒకే జట్టులో ఆడినవాడు ఆ మాట అనే దాకా వచ్చాడు. దీన్ని ముసలితనపు చాదస్తంగా కొట్టిపారేసినవాళ్లున్నారు. 52వ ఏట అడుగుపెట్టిన మనిషి, పైగా తన కళ్లముందే తలుపులు ఒక్కొక్కటిగా మూసుకుపోవడం చూసినవాడు, వేరే లెక్కకు ఎలా వస్తాడని నా ప్రశ్న. 1924 మే 11న క్లీవ్‌లాండ్‌లో చనిపోయాడు. స్టూబెన్‌విల్‌లో సమాధి మీద రాయి కూడా లేదు. 1990లో ఓబర్లిన్ వాళ్లు పెట్టించారు. 2017లో ఒహాయో ప్రభుత్వం అతని పుట్టినరోజును మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ దినంగా ప్రకటించింది.

ఇక రికార్డుల పట్టిక సంగతి. ఏయే పాత లీగ్‌లను మేజర్ లీగ్‌లుగా లెక్కించాలో తేల్చడానికి 1968లో ఒక కమిటీ వేశారు. ఆరు లీగ్‌లను ఒప్పుకున్నారు. వాకర్ ఆడిన అమెరికన్ అసోసియేషన్ వాటిలో ఉంది, అందుకే అతని 42 మ్యాచ్‌లు ఎప్పట్నుంచో లెక్కలో ఉన్నాయి. నీగ్రో లీగ్స్ ప్రస్తావన ఆ కమిటీలో రానేలేదు. ఆ తప్పునే 2020లో దిద్దారు, దాంతో గిబ్సన్ పైకొచ్చాడు. కానీ ఆ దిద్దుబాటు 1920 నుంచి 1948 దాకా నడిచిన ఏడు లీగ్‌లకే. గోడ కట్టిన తొలి 30 ఏళ్లలో ఊరూరా తిరిగి ఆడిన నల్ల జట్లు అందులోకి రావు. 1887లో స్టోవీ గెలిచిన ఆ 30కి పైగా మ్యాచ్‌లు ఇప్పటికీ మైనర్ లీగ్ ఖాతాలోనే ఉన్నాయి. హాల్ ఆఫ్ ఫేమ్‌లో క్యాప్ ఆన్సన్ 1939లోనే చేరాడు. ఫ్రాంక్ గ్రాంట్‌ను 2006లో, బడ్ ఫౌలర్‌ను 2022లో తీసుకున్నారు. స్టోవీ, వాకర్ ఇంకా బయటే ఉన్నారు.